ముల్లు సున్నా చూపిన రోజు

ఆత్మకూరు,
14 జూన్ 1998.

అక్కా,

తమ్ముడు సైమన్ వందనాలు. చర్చి నుంచి వచ్చి, అన్నానికి కూడా కూర్చోకుండా రాస్తున్నాను. ఈ ఉత్తరం సామానుకంటే ముందు నీకు అందాలి. బుధవారం పొద్దున ఉదయగిరి బస్సు టాపు మీద నీకొక మిషను వస్తుంది. కండక్టరు షాపుకొచ్చి చూసి, "ఇదేంది సైమనూ, సైకిలా, కుట్టుమిషనా?" అన్నాడు. "మా అక్క కాలు" అన్నాను. 

ఫిబ్రవరిలో నీకు ఎడమవైపు పడిపోయిన దగ్గర్నుంచి నాకు పని మీద మనసు నిలవడం లేదు. మోటారుకు వైరు చుడుతూ ఎన్ని చుట్లు వేశానో మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి చుడుతున్నాను. మొన్న నెల్లూరులో నిన్ను లోపల పరీక్ష చేస్తున్నప్పుడు ఫిజియో రాజమోహన్ గారు నాకొక విదేశీ పత్రిక చూపించాడు. అందులో ఒక మనిషికి నడుము నుంచి పాదాల దాకా ఇనప చట్రం తొడిగి ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళను ఆ చట్రమే నడిపిస్తుందట. రోబో అట. ఇంకా ప్రయోగాల్లోనే ఉందట. "మన దేశానికి ఎప్పుడొస్తుంది సార్?" అంటే, "మోటార్లు చేసేది నువ్వు, నువ్వే చెప్పు" అని నవ్వాడు. ఆయన నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం తిరుగు బస్సెక్కినప్పటినుంచి అదే ధ్యాస.

మిషనులో ఉన్నదేమిటంటే సైకిలు పెడళ్ళు, పాత లారీ డ్రైవరు సీటు, అర హార్స్‌పవర్ మోటారు, వేగం తగ్గించడానికి రెండు పుల్లీలు. ఎడమ పెడల్‌కు నీ పాత చెప్పునే బోల్టు వేసి బిగించాను. నువ్వు ఊరికే కూర్చుంటే చాలు, కష్టమంతా మోటారుది. నీ కాలికి దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండకూడదని రెండుసార్లు విప్పి బిగించాను.

కుడిచేతి పక్కన తాడు ఉంది. లాగితే ఆగిపోతుంది. శీనమ్మ పక్కన లేకుండా ఎక్కవద్దు. వోల్టేజీ చాలక అందరి మోటార్లూ కాలిపోతున్నాయి, షాపు ముందు రైతులు వరసగా కూర్చున్నారు. లేకపోతే నేనే వచ్చి బిగించేవాణ్ణి. ఎట్లా నిలబెట్టాలో వెనక బొమ్మ వేశాను. అక్కా, తాడు సంగతి మరిచిపోవద్దు.

సైమన్


ఉదయగిరి,
28 జూన్ 1998.

ఒరే సైమనూ,

నీ మిషను క్షేమం. నేను కూడా క్షేమమే. నీకు ముందు మిషనే కదా కావాలి, అందుకని దాని సంగతి ముందు చెప్పాను.

శీనమ్మ చూసి నోరు నొక్కుకుంది. మా సబ్‌సెంటర్లో పదకొండేళ్ళు నా వెంట ఆయాగా తిరిగిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే మా ఇంటికొచ్చి నన్ను లేపి కూర్చోబెడుతోంది. "ఏంది నర్సమ్మా ఇది, కాలు పెడితే పిండి పడతాదా?" అంది. తిరగడం చూశాక "ఇది మరమనిషే" అని తేల్చేసి, దానికి నిమ్మకాయ కట్టింది. బాప్టిస్టు ఇంట్లో నిమ్మకాయేందే అంటే, "కట్టింది మీకు కాదులే, మిషనుకు. దానికి మతం యాడుండాది?" అంది. 

రోజూ అరగంట కూర్చుంటున్నాను. ఇరవై రెండేళ్ళు రిజిస్టర్లు రాసిన చేయి ఊరుకోదు కదా, దీనికీ ఒకటి గీసుకున్నాను. తేదీ, నిమిషాలు, ముందు నాడి, తర్వాత నాడి. ముందు ఎనభై నాలుగు, తర్వాత ఎనభై ఆరు. ఆయాసం లేదు, చెమట లేదు. కాలు గిర్రున తిరుగుతోంది.

నవంబరు నెలాఖరుతో నా సెలవు అయిపోతుంది. ఇరవై ఆరో తేదీన నెల్లూరులో బోర్డు డాక్టర్ల ముందుకు పోవాలి. రెండంతస్తుల మెట్లు ఎక్కిస్తారట. ఎక్కలేకపోతే పనికిరాదని రాసి ఇంటికి పంపుతారు. నలభై ఏడేళ్ళు రా నాకు. నర్సమ్మా అంటేనే తిరిగి చూస్తాను, సుకుమారీ అని పిలిస్తే ఎవర్నో అనుకుంటాను. ఇంట్లో కూర్చుని నేనేం చేయాలి?

ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. మన చర్చికి ఎనిమిది మెట్లు. నాలుగో మెట్టు కాస్త వెడల్పు కదా, అక్కడ నాకోసం కుర్చీ వేయించారు. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. కానీ అందులో కూలబడకుండా ఐదో మెట్టు ఎక్కలేకపోతున్నాను. కాలు బాగానే ఉంది, ఊపిరి మాత్రం అక్కడికే అయిపోతోంది. రాజమోహన్ గారిని అడిగి రాయి.

అక్క


ఆత్మకూరు,
26 జులై 1998.

అక్కా,

తిట్టుకో, పడతాను. నీకు చెప్పాల్సిన మాట ఒకటి మూడు వారాలుగా దాచాను.

ఈ నెల మొదట్లో రాగి వైరు కోసం నెల్లూరు పోయినప్పుడు నీ లెక్కలు రాజమోహన్ గారికి చూపించాను. మెచ్చుకుంటాడని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ పోయాను. ఆయన కాగితం చూసి, "ఎనభై నాలుగు నుంచి ఎనభై ఆరా? ఆమె కూర్చుని ఉంది సైమన్, కసరత్తు చేస్తున్నది నీ మోటారు" అన్నాడు. స్ట్రోక్ వచ్చినవాళ్ళు నెలల తరబడి కదలకుండా ఉంటే గుండె, ఊపిరి రెండూ బలం తప్పుతాయట. కాలును తిప్పడం వేరు, గుండెకు పని చెప్పడం వేరు అన్నాడు. ఆ రోబో కూడా మనిషికి చేతకానంత వరకే చేయాలట, మిగతాది మనిషే చేయాలట.

మోటారు మెకానిక్కు బుద్ధి ఇంతే అక్కా. మనిషి కష్టం తీసేయడమే మా పని. నీకు కావలసిన కష్టం కూడా తీసేసి, ఐదు వారాలు నీ చేత కాలయాపన చేయించాను. సిగ్గుపడి చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఒక మీటరు, ఒక తోలు పట్టా పంపుతున్నాను. పట్టాను చక్రం మీద బొమ్మలో చూపినట్టు బిగిస్తే బరువు పడుతుంది. మీటరు, మోటారు ఎంత కరెంటు లాగుతుందో చూపిస్తుంది. బరువంతా మోటారే మోస్తే ముల్లు మూడున్నర మీద నిలబడుతుంది. నువ్వు కాలితో తొక్కేకొద్దీ మోటారుకు పని తగ్గి ముల్లు దిగుతుంది. అంతా నువ్వే తొక్కితే రెండుకు వస్తుంది. అంటే ముల్లు ఎంత దిగితే అంత నీ కష్టం. పెద్దాసుపత్రుల్లో ఏ మిషను పెడతారో నాకు తెలియదు, నాకు తెలిసిన కొలత ఇదే.

నాడి నూట పదిహేను దాటనివ్వొద్దన్నాడు. దాటితే తాడు లాగు. ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా లాగు. నాయన గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ మాట తలుచుకోకూడదనుకుంటాను, మళ్ళీ అదే గుర్తుకొస్తుంది. వారం వారం ముల్లు, నాడి రెండూ రాయి. నీ కార్డు రాకపోతే నాకు నిద్ర ఉండదు.

సైమన్


ఉదయగిరి,
16 ఆగస్టు 1998.

సైమనూ,

నీ మీటరు, పట్టా అందాయి. మా వీధి పిండిమిల్లు కొండలయ్య మనిషిని పంపి బిగించి ఇచ్చాడు. అంతా బాగుంది. లెక్కలు ఇవిగో:

మొదటి వారం ముల్లు 3.4, నాడి 104. రెండో వారం ముల్లు 3.2, నాడి 106. రోజుకు ఇరవై నిమిషాలు.

ఆయాసం తగ్గుతోంది. నువ్వు అనవసరంగా బెంగ పెట్టుకోవద్దు. వేళకు తిను.

అక్క


ఆత్మకూరు,
30 ఆగస్టు 1998.

అక్కా,

నీ కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. టీ అంగడి సుభాన్‌కు కూడా చదివి వినిపించాను. "మీ అక్క కాలు సంగతి మీటరు చెప్తాదా!" అని వాడు నోరు తెరిచాడు.

రాజమోహన్ గారికి ఫోను చేశాను. చాలా సంతోషించాడు. ఇదే పద్ధతిలో అక్టోబరు దాకా నడిస్తే, బోర్డుకు తానే ఒక ఉత్తరం రాసిస్తానన్నాడు. నీ లెక్కలన్నీ దానికి జతచేస్తాడట. ముల్లు దిగుతోంది కాబట్టి ఇంక బరువు పెంచవచ్చన్నాడు. పట్టాను రెండు బెజ్జాలు ముందుకు లాగి బిగించు.

నా మనసు మాత్రం పీకుతూనే ఉంది. సంతోషంగా ఉన్నా భయమే, లేకపోయినా భయమే. బరువు పెంచిన రోజు శీనమ్మను కదలనివ్వకు. నీ కార్డు రెండోసారి చదివితే ఒకటి తోచింది. చర్చి మెట్ల గురించి నువ్వు ఏమీ రాయలేదు. ఎన్నో మెట్టు దాకా పోతున్నావు?

సైమన్


ఉదయగిరి,
11 సెప్టెంబరు 1998.

సైమనూ,

పట్టా రెండు బెజ్జాలు బిగించాము. ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా లెక్కలు: ముల్లు 3.0, 3.0, 2.9, 3.0, 2.9, 2.9, 2.8, 2.9, 2.8, 2.8. నాడి ఎప్పుడూ 110 దాటలేదు.

మెట్ల సంగతి ఏముంది రాయడానికి. కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఉండనీ, ముసలివాళ్ళకెవరికైనా పనికొస్తుంది.

ఎండ మండిపోతోంది. వానలు ఇంకా పడాలి.

అక్క


ఆత్మకూరు,
18 సెప్టెంబరు 1998.

అక్కా,

మీ వీధి పిండిమిల్లు కొండలయ్య నిన్న షాపుకొచ్చాడు. కాలిపోయిన మోటారు దుత్తలూరులో, కలిగిరిలో చూపించి, అక్కడ వైరు దొరక్క నా దగ్గరికి మోసుకొచ్చాడు. విప్పుతూ ఎట్లా కాలిందని అడిగాను. "పిడుగు పడి ట్రాన్స్‌ఫార్మర్ పోయినాది గదయ్యా. మీ అక్క ఇంటికాడ్నుంచి మా మిల్లు దాకా తొమ్మిది దినాలు కరెంటు లేదు. పదో తేదీ సాయంత్రం వచ్చినాది, వచ్చీ రావడమే మోటారు తగలబడిపోయినాది" అన్నాడు.

నేను నీ కార్డు తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఒకటో తేదీ 3.0. నాలుగో తేదీ 3.0. ఏడో తేదీ 2.8. కరెంటు లేని మీటరుకు ముల్లు లేస్తుందా అక్కా? ఇరవై ఏళ్ళుగా మీటర్లు చూస్తున్నాను, నేనెక్కడా చూడలేదు.

కొండలయ్యను మళ్ళీ రమ్మని పంపేశాను. మోటారు విప్పింది విప్పినట్టే ఉంది. కోపంతో అనుకుంటున్నావేమో, కాదు. నీ లెక్కలు నమ్మి నేను బరువు పెంచమన్నాను. నీ లెక్కలు అబద్ధమై, నువ్వు నిజంగానే ఆ బరువు మీద ఎక్కి ఉంటే? ఆ రోజు నీ గుండె ఆగిపోయి ఉంటే ఆ పట్టా బిగించింది నేనే కదా. నాయనను మోసిన భుజం మీదే నిన్ను కూడా మోయమంటావా?

రాజమోహన్ గారు ఉత్తరం రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. అబద్ధానికి ఆయన సంతకం ఎందుకు పెట్టించాలి? ఇప్పుడే ఫోను చేసి ఆపమని చెప్పాను. కారణం చెప్పలేదు.

నాకు నిజం రాయి. ఎంత చెడ్డదైనా సరే.

సైమన్


ఉదయగిరి,
22 సెప్టెంబరు 1998.

నాయనా సైమనూ,

నీ ఉత్తరం శీనమ్మ ఎదుట చదవలేక, తలుపేసుకుని మూడుసార్లు చదివాను. రాస్తాను, విను.

ఆగస్టు నాలుగో తేదీ, మంగళవారం. పట్టా బిగించిన మొదటి రోజు. ఐదు నిమిషాలు బాగానే తొక్కాను. ఆరో నిమిషంలో గుండె చెవుల్లో కొట్టుకుంది. వాచీ చూసి లెక్కపెడితే నూట ముప్పై రెండు. కళ్ళ ముందు నల్లగా అయిపోయింది. నాలుక మొద్దుబారినట్టు తోచింది, అచ్చం ఫిబ్రవరిలో లాగా. తాడు లాగాను. నీ తాడు పనిచేసింది రా, అది మాత్రం నిజం. శీనమ్మ "ఏంది నర్సమ్మా, మొహం అట్టుండాది?" అంది. చెమట పట్టిందిలే అన్నాను.

మర్నాటినుంచి శీనమ్మను పంపేసి, నేనొక్కదాన్నే చేసుకుంటానని చెప్పాను. సీట్లో కూర్చుంటాను. చెప్పులో కాలు పెడతాను. స్విచ్చి వేయను. అరగంట అట్లాగే కూర్చుని రిజిస్టరు రాసి దిగుతాను. అంకెలు మరీ తొందరగా దిగకూడదు, మధ్యలో ఒకరోజు కాస్త పెరగాలి, అప్పుడే నిజం లాగుంటుంది. ఇదంతా నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఎండాకాలంలో కొండ కింది పల్లెలకు పోలేని రోజుల్లో నీడన కూర్చుని ఇళ్ళు తిరిగినట్టు రాసిన చేయి ఇది. పోతే ఏం, అందరూ బాగానే ఉన్నారు కదా అనుకునేదాన్ని.

కరెంటు లేని ఆ తొమ్మిది రోజులు ఉక్క భరించలేక ఒక చేత్తో విసనకర్రతో విసురుకుంటూ, ఆ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ముల్లు 2.9 అని రాశాను. కరెంటు లేకపోతే ముల్లు లేవదన్న సంగతి నాకు తట్టనే లేదు. నిజంగా ముల్లు చూసే మనిషికైతే తట్టేది.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ తెలియదు, శీనమ్మకు కూడా. మాకు ఏటేటా ఒక కార్డు మీద సొంత బీపీ రాసుకోమంటారు. మూడేళ్ళు నా కార్డు మీద 120/80 అని రాసుకున్నాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నా చేతికి ఆ గుడ్డ చుట్టుకోలేదు. ఊరందరికీ చుట్టాను. తీరిక లేదని చెప్పుకున్నాను. తీరిక లేక కాదు రా, తెలుసుకోవాలంటే భయం. తలనొప్పి వస్తే అమృతాంజనం రాసుకుని బస్సెక్కాను. ఫిబ్రవరిలో పడిపోయాను.

కాన్పు నొప్పుల్లో ఉన్నవాళ్ళను "భయపడకమ్మా, తొయ్యి" అని ఎన్ని వందలమందికి చెప్పానో. నా దాకా వచ్చేసరికి చేతకాలేదు. బోర్డు ముందుకు పోనులే. పనికిరాదని రాస్తే రాయనీ. నిన్ను అంత భయపెట్టినందుకు మాత్రం నన్ను క్షమించు.

అక్క


ఉదయగిరి,
25 అక్టోబరు 1998.

సైమనూ,

నువ్వు వచ్చి పోయి నాలుగు వారాలైంది. ఆ ఆదివారం షాపు మూసి, ఉత్తరమైనా రాయకుండా మొదటి బస్సుకే దిగావు. తిడతావనుకుని పొయ్యి దగ్గరే కూర్చున్నాను. నువ్వు తిట్టలేదు. ఆ రోజుకు పట్టా మొత్తం వదులు చేశావు, పోయేముందు మళ్ళీ పాత బెజ్జాలకు బిగించావు. కింద కూర్చుని నా మణికట్టు పట్టుకున్నావు. నాడి ఎక్కడుందో నీకు దొరకలేదు. మోటారు వేడెక్కితే చెయ్యి పెట్టి చెప్పేస్తావు, నాడి మాత్రం తెలియదు నీకు. నేనే వేలు జరిపి చూపించాను. పైకి లెక్కపెట్టావు. అరవై దాటాక పెదవులతోనే లెక్కపెట్టావు. ఆరు నిమిషాలు. నూట ఎనిమిది. ఆరో నిమిషం దాటాను రా నేను. నువ్వు చూడలేదు గానీ, శీనమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

పోతూ పోతూ నువ్వొకటే మాట అన్నావు. "తప్పు అంకె రాసినా పర్వాలేదక్కా, చూసి రాయి." అప్పట్నుంచి చూసే రాస్తున్నాను. అందుకే ఈ లెక్కలు అంత అందంగా లేవు:

మొదటి వారం అంతా 3.5. కాలు తొక్కుతున్నానని నేననుకుంటున్నాను, ముల్లు మాత్రం నమ్మడం లేదు. రెండో వారం 3.5, 3.4, 3.5. బుధవారం భయమేసి ఎక్కలేదు. గురువారం ఎక్కి మూడు నిమిషాలకే తాడు లాగాను, నాడి 117. మూడో వారం 3.4, 3.4, 3.3. నాలుగో వారం ఒకరోజు 3.1 చూపించింది, నేను శీనమ్మను పిలిచి చూపించేలోపల మళ్ళీ 3.3కి పోయింది. "నేను చూళ్ళా, రాయబాక" అంది. దాని సలహా మేరకు 3.3 అనే రాశాను.

చర్చి మెట్ల మీద ఆ కుర్చీలో కూర్చునే పైకి పోతున్నాను. ఇప్పుడు కోపం లేదు. ఒక నిమిషం కూర్చుంటాను, నాడి చూసుకుంటాను, లేస్తాను.

బోర్డుకు పోతాను. రాజమోహన్ గారికి జరిగినదంతా నేనే ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.

అక్క


ఆత్మకూరు,
12 నవంబరు 1998.

అక్కా,

నీ కార్డు ఇప్పుడే వచ్చింది. షట్టరు సగం దించి రాస్తున్నాను. అందులో ఒక వరస ఇట్లా ఉంది: "శుక్రవారం, 6వ తేదీ. ముల్లు 0. నాడి 112. నాలుగు నిమిషాలు."

ముల్లు 0 ఏమిటక్కా? ఒట్టి మోటారు తిరిగినా రెండు చూపించాలి. సున్నా అంటే కరెంటు లేదన్నమాట. కరెంటు లేనప్పుడు నాడి నూట పన్నెండు ఎందుకయింది? ఊరికే కూర్చుంటే నీకు ఎనభై నాలుగు కదా. మళ్ళీ కూర్చుని రాశావా? కాదు, నువ్వు అట్లా చేయవు, నాకు తెలుసు. అయితే మీటరు చెడిపోయిందా? లేక కూర్చున్న మనిషికి గుండె ఊరికే అంత కొట్టుకుంటోందా? అదే అయితే వెంటనే నెల్లూరు పోవాలి. రెండు వారాల్లో బోర్డు. 

కొండలయ్య మిల్లుకు ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఈ ఉత్తరం చూసిన వెంటనే ఒక్క ముక్క రాసి బస్సు డ్రైవరు చేతికివ్వు. పోస్టులో వేయవద్దు, ఆలస్యమవుతుంది.

సైమన్


ఉదయగిరి,
14 నవంబరు 1998.

సైమనూ,

డ్రైవరు చేతికే ఇస్తున్నాను. గుండె కుదుట పెట్టుకుని చదువు.

మీటరు చెడిపోలేదు. నేనూ కూర్చుని రాయలేదు. ఆ శుక్రవారం ఎప్పటిలాగే ఎక్కాను. ముల్లు 3.2 దగ్గర ఊగుతోంది. పదకొండో నిమిషంలో పైన ఫాను ఆగింది. మోటారు మూలుగు ఆగింది. కరెంటు పోయిందే అనుకున్నాను. దిగుదామని తాడుకోసం చెయ్యి చాపాను. అప్పుడు వినిపించింది, పట్టా చక్రానికి రాసుకునే చప్పుడు. సర్ర్, సర్ర్ మని వస్తూనే ఉంది. మోటారు ఆగాక ఇదెవరు తిప్పుతున్నారా అని కిందికి చూశాను.

నా కాళ్ళే రా. రెండూ. కుడికాలు గట్టిగా తొక్కుతోంది, ఎడమది దాని వెనకే వంకరగా, బద్ధకంగా, కానీ తొక్కుతోంది. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. శీనమ్మ "ఆగు నర్సమ్మా, కరెంటు పోయినాది గదా" అంది. "పోతే పోనీ" అన్నాను. నాలుగు నిమిషాలు తొక్కాను. ఎదకు పెట్టుకున్న వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టాను. నూట పన్నెండు. భయం లేకపోలేదు, భయపడుతూనే తొక్కాను. నూట పదిహేనుకు రాకముందే ఆపేశాను.

సున్నా అని రాస్తే నువ్వు హడలిపోతావని తోచకపోలేదు. 2.0 అని రాస్తే నీకు నిద్ర పట్టేది. కానీ చూసిందే రాయమన్నావు కదా.

అక్క


ఉదయగిరి,
1 డిసెంబరు 1998.

సైమనూ,

ఇది కార్డే, పొడుగ్గా రాయడానికి తీరిక లేదు. ఈ రోజు డ్యూటీలో చేరాను.

బోర్డులో రెండంతస్తులూ ఎక్కాను. రెండుచోట్ల ఆగాను. వెంట వచ్చిన డాక్టరు "ఎందుకాగావమ్మా, ఎక్కలేవా?" అని అడిగాడు. "ఎక్కగలను సార్, నాడి నూట పద్దెనిమిదికి వచ్చింది, తగ్గాక ఎక్కుతాను" అన్నాను. ఆయన కూడా నా పక్కనే మెట్టు మీద నిలబడ్డాడు. రాజమోహన్ గారు రాసిన ఉత్తరం చదివారు. అందులో ఆయన అబద్ధపు లెక్కల సంగతి కూడా దాచకుండా రాశాడట. కొండ పల్లెలు వద్దన్నారు, ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. కానీ పనికిరాదని రాయలేదు.

పొద్దున సబ్‌సెంటర్లో కొత్త రిజిస్టరు తీశాను. బయట ఏడుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళను కాసేపు ఆగమన్నాను. మొదటి వరసలో నా పేరు రాసుకున్నాను. శీనమ్మ నా చేతికి గుడ్డ చుట్టింది, గాలి నేనే కొట్టాను. 146/92. అట్లాగే రాసి, మాత్ర వేసుకుని, తర్వాతి మనిషిని లోపలికి పిలిచాను.

అక్క